పోలియో చుక్కల్లోని వైరస్ మళ్లీ మురుగునీళ్లలో ఎందుకు దొరుకుతోంది?

2016 జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఉన్నట్టుండి ఒక స్పెషల్ పోలియో కార్యక్రమం పెట్టారు, అది కూడా చుక్కలతో కాదు, ఇంజెక్షన్‌తో. ఆరు వారాల పిల్లల నుంచి మూడేళ్ల పిల్లల దాకా దాదాపు 3 లక్షల మందికి వారం రోజుల్లోనే వెయ్యాలని పెట్టుకుని నూటికి తొంభై మందికి పైగా వేసేశారు. ఎందుకంత హడావిడి అంటే, మే నెలలో అంబర్‌పేట ప్రాంతంలో తీసిన మురుగునీటి శాంపిల్‌లో టైప్ 2 పోలియో వైరస్ బయటపడింది. ఊళ్లో ఏ పిల్లాడికీ కాలు పడిపోలేదు, ఆస్పత్రుల్లో ఒక్క కేసు లేదు, పైగా ఇండియా పోలియో ఫ్రీ అని 2014 మార్చి 27నే సర్టిఫికెట్ వచ్చేసింది. మరి ఆ వైరస్ ఎక్కడ్నుంచి వచ్చింది? చుక్కల మందు నుంచే.

ఈ మాట వినగానే కొంతమంది ఇదంతా వ్యాక్సిన్ అంటే గిట్టనివాళ్లు పుట్టించిన కథ అని కొట్టిపారేస్తారు, ఇంకొంతమంది అయితే చుక్కలే వేయించకూడదు అని తేల్చేస్తారు. రెండూ తప్పే, రెండూ పిల్లలకి నష్టం చేసేవే. చుక్కల మందులోని వైరస్ అరుదుగా మారిపోయి మళ్లీ పక్షవాతం తెచ్చే రకంగా తయారవడం నిజం, సైంటిస్టులు దాచిపెట్టిన విషయం కూడా కాదు, పాతికేళ్లుగా జర్నల్స్‌లో రాస్తూనే ఉన్నారు. అలా మారడానికి దారి ఇచ్చేది మాత్రం చుక్కలు వేయించుకున్న పిల్లలు కాదు, వేయించుకోని పిల్లలు ఎక్కువమంది ఒకేచోట ఉండటం. అసలు ఇది ఎలా జరుగుతుందో వివరంగా చెప్తే సామాన్యులకి అర్థం కానిదేమీ ఇందులో లేదు, చెప్పకపోవడం వల్లే అనుమానాలు పెరుగుతున్నాయి.

పోలియో వైరస్‌లో మూడు రకాలున్నాయి, టైప్ 1, టైప్ 2, టైప్ 3. వ్యాక్సిన్‌లు ముఖ్యంగా రెండు రకాలు. జోనస్ సాల్క్ తెచ్చిన ఇంజెక్షన్‌లో వైరస్‌ని చంపేసి వాడతారు, అది 1955లో అమెరికాలో వాడకంలోకి వచ్చింది. ఆల్బర్ట్ సేబిన్ తయారుచేసిన చుక్కల్లో ఉండేది బతికున్న వైరస్సే, కాకపోతే బలం తగ్గించినది. చుక్కలు వేశాక ఆ బలహీన వైరస్ పిల్లల పేగుల్లో కొన్ని వారాలు పెరుగుతుంది, దాంతో పేగుల్లోనే రక్షణ తయారవుతుంది, తర్వాత అసలు పోలియో వైరస్ లోపలికి వచ్చినా అక్కడ పెరగడానికి చోటు దొరకదు. ఆ వారాల్లోనే మలంలో వైరస్ బయటికి కూడా పోతుంది, పారిశుధ్యం సరిగా లేని చోట్ల పక్కింటి పిల్లలకీ చేరుతుంది, అంటే చుక్కలు వేయించుకోని పిల్లలకి కూడా కొంత రక్షణ దానంతటదే అందుతుంది. ఇంజెక్షన్ అలా కాదు, రక్తంలో యాంటీబాడీలు బాగా తయారుచేస్తుంది కాబట్టి ఆ బిడ్డకి పక్షవాతం రాదు, కానీ పేగుల్లో వైరస్ పెరగడాన్ని పెద్దగా ఆపలేదు, ఆ బిడ్డ నుంచి వేరేవాళ్లకి వైరస్ పోవచ్చు. చుక్కల మందు చవక, సూది అక్కర్లేదు, ఆశా వర్కర్లూ అంగన్‌వాడీ టీచర్లూ కూడా వెయ్యగలరు, వ్యాప్తినే ఆపుతుంది, ఇన్ని ఉన్నాయి కాబట్టే మన పల్స్ పోలియో 1995 నుంచి చుక్కలతోనే నడిచింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సభ పోలియోని లేకుండా చేద్దాం అని తీర్మానం చేసినప్పుడు ఏడాదికి సుమారు మూడున్నర లక్షల మంది పిల్లలకి కాళ్లు చేతులు పడిపోయేవి, ఆ సంఖ్య వందల్లోకి, పదుల్లోకి దిగింది అంటే ముఖ్యంగా ఈ చుక్కల వల్లే. ఈ లెక్క మర్చిపోయి మిగతాదంతా చదివితే తప్పుడు అర్థం వస్తుంది.

ఇప్పుడు అసలు ఇబ్బంది దగ్గరికి వద్దాం. బతికున్న వైరస్ కాపీలు తయారుచేసుకుంటూ పోయే కొద్దీ దాని జన్యు అక్షరాల్లో మార్పులు వస్తుంటాయి. సేబిన్ టైప్ 2 వైరస్ బలం తగ్గడానికి కారణం ప్రధానంగా రెండే రెండు మార్పులు, అందులో ముఖ్యమైనది పిల్లల పేగుల్లో కొద్ది రోజుల్లోనే పాత స్థితికి తిరిగిపోగలదు. ఊళ్లో పిల్లలందరికీ వ్యాక్సిన్ పడి ఉంటే ఇలా మారిన వైరస్‌కి తర్వాత పెరగడానికి ఇంకో పేగు దొరకదు, కొన్ని వారాల్లో అక్కడితో ఆగిపోతుంది. అదే చాలామంది పిల్లలకి వ్యాక్సిన్ పడని చోట ఒకరి నుంచి ఒకరికి నెలల తరబడి తిరుగుతూ తిరుగుతూ చివరికి అసలు వైరస్ లాగే పక్షవాతం తెచ్చే రకం అయిపోతుంది. ల్యాబుల్లో దీన్ని గుర్తుపట్టడానికి ఒక కొలత పెట్టుకున్నారు, వైరస్ పైపొరలో వీపీ1 అనే ప్రొటీన్ తయారుచేసే జన్యుభాగంలో 900 దాకా అక్షరాలుంటాయి, టైప్ 2లో అయితే అందులో 6 లేదా అంతకంటే ఎక్కువ, టైప్ 1, 3లలో 10 లేదా అంతకంటే ఎక్కువ మారిపోయి ఉంటే దాన్ని వ్యాక్సిన్ నుంచి మారిన పోలియో వైరస్ కింద లెక్కేస్తారు. ఎన్ని అక్షరాలు మారాయో చూసి ఎంతకాలంగా జనంలో తిరుగుతోందో కూడా అంచనా వేస్తారు. ఇలాంటి వైరస్ గుంపుగా కేసులు తేవడం మొదటిసారి స్పష్టంగా గుర్తించింది 2000లో, హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న దీవిలో, అది టైప్ 1.

టైప్ 2 విషయంలో ఒక విచిత్రమైన పరిస్థితి వచ్చింది. అసలు సిసలు టైప్ 2, అంటే ప్రకృతిలో తిరిగేది, ప్రపంచంలో చివరిసారి కనిపించింది 1999 అక్టోబర్‌లో మన ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లో. తర్వాత ఎక్కడా లేదు, 2015 సెప్టెంబర్‌లో అది అంతమైపోయింది అని అధికారికంగా ప్రకటించారు. అంటే ఏళ్ల తరబడి పిల్లలకి టైప్ 2 చుక్కలు వేస్తున్నది ఎక్కడా లేని వైరస్ కోసం, కానీ వ్యాక్సిన్ నుంచి మారే వైరస్‌లలో నూటికి తొంభై పైగా ఈ టైప్ 2వే. కాబట్టి చుక్కల్లోంచి టైప్ 2ని తీసేద్దాం అన్నారు. 2016 ఏప్రిల్ 17 నుంచి మే 1 మధ్య 155 దేశాలు, ప్రాంతాలు ఒకేసారి మూడు రకాలున్న చుక్కలు ఆపేసి రెండు రకాలు, అంటే 1, 3 మాత్రమే ఉన్న చుక్కలకి మారాయి. ఇండియా ఏప్రిల్ 25న మారింది. పాత చుక్కల సీసాలన్నీ వెనక్కి తెప్పించి నాశనం చేశారు, ఎక్కడైనా టైప్ 2 మళ్లీ వస్తే వాడటానికి ఒక నిల్వ ఉంచుకుని దాన్ని డబ్ల్యూహెచ్‌ఓ డైరెక్టర్ జనరల్ అనుమతి ఉంటేనే బయటికి తియ్యాలని రూల్ పెట్టారు. ఒక వ్యాక్సిన్‌ని ప్రపంచమంతా రెండు వారాల్లో మార్చడం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

ఐడియా మంచిదే, అనుకున్న షరతులే అమలు కాలేదు. చుక్కలు ఆపేముందు ప్రతి దేశం పిల్లలకి కనీసం ఒక డోసు ఇంజెక్షన్ మొదలుపెట్టాలి, అందులో టైప్ 2 ఉంటుంది కాబట్టి పక్షవాతం నుంచి అయినా కాపాడుతుంది అని ప్లాన్. తీరా చూస్తే కంపెనీలు చెప్పినంత వ్యాక్సిన్ తయారుచెయ్యలేకపోయాయి, చాలా దేశాలకి రెండుమూడేళ్లు ఆలస్యంగా అందింది, ఈలోపు కోట్లమంది పిల్లలు టైప్ 2 మీద ఏ రక్షణా లేకుండా పెరిగారు. మన దగ్గర ఈ కొరతకి ఒక తెలివైన దారి వెతికారు, మామూలుగా కండరంలోకి 0.5 మిల్లీలీటర్లు ఇచ్చే బదులు చేతి పైభాగంలో చర్మం లోపలికి 0.1 మిల్లీలీటరు మాత్రమే రెండుసార్లు, 6వ వారం, 14వ వారం. రెండూ కలిపినా ఒక పూర్తి డోసులో సగం కూడా కాదు, కానీ రెండుసార్లు ఇస్తారు కాబట్టి ఒక పూర్తి డోసు కంటే రక్షణ ఎక్కువ వస్తుందని ట్రయల్స్‌లో తేలింది. దీన్ని మొదలుపెట్టిన మొదటి 8 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి, తర్వాత దేశమంతా అదే పద్ధతి వచ్చింది.

అంబర్‌పేట శాంపిల్ దొరికింది సరిగ్గా ఏప్రిల్ 25న చుక్కలు మార్చిన మూడు వారాలకే. మారకముందు వేసిన చుక్కల నుంచి మిగిలిన వైరస్ అది. అప్పుడు టైప్ 2 చుక్కల నిల్వని వాడొచ్చు, కానీ వాడితే మళ్లీ బతికున్న టైప్ 2ని ఊళ్లోకి వదిలినట్టు అవుతుంది. అందుకే ఆ చర్మంలోకి ఇచ్చే చిన్న డోసు ఇంజెక్షన్‌తోనే క్యాంపెయిన్ చేశారు, ఇంత పెద్ద నగరంలో ఒక మురుగునీటి శాంపిల్‌ని చూసి అలా చెయ్యడం ప్రపంచంలో వేరే దేశాలకి కూడా పాఠంగా పనికొచ్చింది. ఆ వైరస్ అక్కడ వ్యాపించలేదు, ఒక్క కేసూ రాలేదు. కరోనా టైంలో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు మురుగునీళ్లు పరీక్షించి హైదరాబాద్‌లో ఎంతమందికి సోకి ఉండొచ్చో చెప్తే అందరూ కొత్తగా చూశారు గానీ, పోలియో కోసం ఈ పని ఇండియాలో 2001లో ముంబైలోనే మొదలైంది.

మురుగునీళ్లు ఎందుకంత ముఖ్యం అంటే, పోలియో సోకినవాళ్లలో చాలా ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. టైప్ 1 అయితే సుమారు 200 మందికి సోకితే ఒకరికి, టైప్ 2 అయితే సుమారు 2000 మందికి సోకితే ఒకరికి పక్షవాతం వస్తుంది. అంటే టైప్ 2తో ఒక బిడ్డకి కాలు పడిపోయిందని తెలిసేసరికి వెనకాల వేలమందిలో వైరస్ తిరిగేసి ఉంటుంది, అప్పుడు పరిగెత్తి ఏం లాభం. మురుగునీటిలో దొరికినప్పుడే కదిలితే ఆ ఒక్క బిడ్డ కూడా బాగుంటాడు.

హైదరాబాద్‌లో ఆగింది, అన్ని చోట్లా ఆగలేదు. నైజీరియా ఉత్తర భాగం, కాంగో లాంటి చోట్ల మార్పుకి ముందు నుంచే తిరుగుతున్న టైప్ 2 వైరస్‌లు ఉన్నాయి, వాటిని ఆపడానికి నిల్వలోని టైప్ 2 చుక్కలు బయటికి తియ్యాల్సి వచ్చింది. ఆ క్యాంపెయిన్‌లు ఆలస్యంగా, అరకొరగా జరిగాయి, యుద్ధాలున్న చోట్ల సగం పిల్లల దగ్గరికి టీమ్‌లు చేరలేకపోయాయి. 2016 తర్వాత పుట్టిన పిల్లల పేగుల్లో టైప్ 2 మీద రక్షణే లేదు కాబట్టి, క్యాంపెయిన్ చేసిన జిల్లాలో వ్యాప్తి ఆగినా అక్కడ వేసిన చుక్కల వైరస్ పక్క జిల్లాకి, పక్క దేశానికి పాకి అక్కడ కొత్త గొలుసు మొదలుపెట్టింది. మంట ఆర్పడానికి వాడినదే ఇంకోచోట నిప్పు రవ్వ అయింది. 2020లో వ్యాక్సిన్ నుంచి మారిన టైప్ 2 వల్ల పక్షవాతం వచ్చిన కేసులు ప్రపంచంలో వెయ్యి దాటాయి, ప్రకృతిలోని పోలియో కంటే ఇదే ఎక్కువ అయిపోయింది. పోలియో నిర్మూలన కార్యక్రమం కోసం స్వతంత్ర నిపుణులు తయారుచేసిన సమీక్ష ముసాయిదా 2024లో బయటికి వచ్చింది, 2016 మార్పు పూర్తిగా విఫలమైందని అందులో సూటిగా రాశారు. ఒక సంస్థ తన పని మీద ఇంత కఠినమైన సమీక్ష చేయించుకోవడం మెచ్చుకోవాల్సిన విషయం, కానీ ఆ పిల్లల కాళ్లు తిరిగి రావు, ఈ బాధ్యత ఎవరిదో కూడా గట్టిగానే అడగాలి. ఇంజెక్షన్ సరఫరా సరిపోదని 2016 ఏప్రిల్‌కి ముందే తెలుసు, అయినా తేదీ మార్చలేదు.

ఇది పేద దేశాల సమస్య అనుకోవడానికి కూడా లేదు. 2022 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ కౌంటీలో వ్యాక్సిన్ వేయించుకోని ఒక యువకుడికి టైప్ 2 వల్ల పక్షవాతం వచ్చిందని బయటపడింది. అమెరికాలో 2000 నుంచి చుక్కలే వాడట్లేదు, అంటే బయట దేశంలో వేసిన చుక్కల వైరస్ మారుతూ ఆ ఊరికి చేరింది. ఆ కౌంటీలో రెండేళ్ల పిల్లల్లో మూడు డోసులు పడింది 60 శాతం మందికే, ఒక ఏరియాలో అయితే 40 శాతం కూడా లేదు. జన్యు అక్షరాల్లో దానికి బాగా దగ్గరగా ఉన్న వైరస్ లండన్ మురుగునీళ్లలో, జెరూసలెంలో కూడా దొరికింది. 2024 చివర్లో స్పెయిన్, పోలండ్, జర్మనీ, బ్రిటన్, ఫిన్లాండ్ నగరాల మురుగునీళ్లలో టైప్ 2 కనిపించింది, అక్కడ పిల్లలకి ఇంజెక్షన్లు బాగా పడి ఉన్నాయి కాబట్టి కేసులు రాలేదు. ఇక గాజా సంగతి. యుద్ధానికి ముందు అక్కడ వ్యాక్సిన్ కవరేజ్ 99 శాతం దాకా ఉండేది. యుద్ధంలో ఆస్పత్రులు, డ్రైనేజీ, మంచినీళ్లు అన్నీ కూలిపోయాక 2024 జూన్‌లో తీసిన శాంపిల్స్‌లో టైప్ 2 దొరికింది, పది నెలల బిడ్డకి కాలు పడిపోయింది పోలియో వల్లే అని ఆగస్టులో తేలింది, పాతికేళ్లలో అక్కడ ఇదే మొదటి కేసు. సెప్టెంబర్‌లో ప్రాంతాల వారీగా కొన్ని గంటలు దాడులు ఆపి, పదేళ్లలోపు పిల్లలు 5 లక్షల మందికి పైగా చుక్కలు వేశారు.

గాజాలో వేసిన ఆ చుక్కలు పాతవి కావు. వాటి పేరు ఎన్‌ఓపీవీ2, కొత్త రకం టైప్ 2 చుక్కలు. పాత సేబిన్ వైరస్‌నే తీసుకుని దాని జన్యువుల్ని కావాలని మార్చి తయారుచేశారు. పాతదాంట్లో ఒకే అక్షరం మారితే బలం తిరిగొచ్చే చోట ఇప్పుడు ఒకేసారి చాలా అక్షరాలు మారితే తప్ప బలం రాకుండా కట్టారు, వైరస్ కాపీలు తీసుకోవడానికి అవసరమైన ఒక భాగాన్ని ఆ చోటు పక్కకే జరిపారు, దాంతో వేరే వైరస్‌తో ముక్కలు మార్చుకుని ఈ భాగాన్ని వదిలించుకోవాలని చూస్తే అసలు పెరగనే లేదు, ఇంకా కాపీ తీసే ఎంజైమ్‌ని కూడా తప్పులు తక్కువ చేసేలా మార్చారు. 2020 నవంబర్‌లో డబ్ల్యూహెచ్‌ఓ దీనికి అత్యవసర వాడకం అనుమతి ఇచ్చింది, ఆ లిస్టులో చోటు దొరికిన మొట్టమొదటి వ్యాక్సిన్ ఇదే, కరోనా వ్యాక్సిన్‌ల కంటే ముందు. 2021 మార్చి నుంచి వాడుతున్నారు, 2023 డిసెంబర్‌లో పూర్తి స్థాయి ప్రీక్వాలిఫికేషన్, అంటే డబ్ల్యూహెచ్‌ఓ నాణ్యత ఆమోదం వచ్చింది, ఇప్పటికే 100 కోట్ల డోసులు దాటేసింది. మొదట్లో ఇండోనేషియాలోని బయోఫార్మా ఒక్కటే తయారుచేసేది, ఒకరిద్దరు తయారీదారుల మీదే ప్రపంచమంతా ఆధారపడితే ఏమవుతుందో 2016లో ఇంజెక్షన్ల కొరతతో చూశాం. 2024లో మన హైదరాబాద్ కంపెనీ బయోలాజికల్ ఇ తయారుచేసిన ఎన్‌ఓపీవీ2కి కూడా ప్రీక్వాలిఫికేషన్ వచ్చింది, అలా రెండో సరఫరాదారు దొరికారు.

ఇది పర్ఫెక్ట్ ఏమీ కాదు. 2023లో కాంగో, బురుండీలలో ఎన్‌ఓపీవీ2 నుంచే మారిన వైరస్ వల్ల పిల్లలకి పక్షవాతం వచ్చిందని తేలింది, పేగుల్లో ఉండే వేరే వైరస్‌లతో ముక్కలు మార్చుకుని బలం తెచ్చుకుంది. వేసిన డోసులతో పోల్చి చూస్తే పాతదానికంటే ఇది చాలా తక్కువ, కానీ కవరేజ్ సగమే ఉన్న చోట ఎంత మంచి చుక్కలైనా ఇదే జరుగుతుంది. ల్యాబ్‌లో చెయ్యగలిగిందంతా చేశాక కూడా మిగిలే పని ప్రతి ఇంటి తలుపూ తట్టడమే.

మన దగ్గర జరిగిన ఇంకో సంఘటన కూడా చెప్పుకోవాలి. 2018లో ఘజియాబాద్‌లోని ఒక కంపెనీ సరఫరా చేసిన చుక్కల్లో ఉండకూడని టైప్ 2 ఉందని తేలింది, ఉత్తరప్రదేశ్‌లో పిల్లల మలం, మురుగునీళ్ల పరీక్షల్లోనే ఇది బయటపడింది. ఆ సీసాలు మహారాష్ట్ర, తెలంగాణకి కూడా వచ్చాయి. కంపెనీ తయారీ ఆపించారు, బాధ్యుల మీద కేసు పెట్టారు. అప్పటికి దేశంలో పిల్లలకి ఇంజెక్షన్ చిన్న డోసులు పడుతున్నాయి కాబట్టి పక్షవాతం కేసులు రాలేదు. నిఘా లేకపోతే ఈ సంగతి మనకి తెలిసేదే కాదు.

2024 ఆగస్టులో మేఘాలయ గారో హిల్స్‌లో రెండేళ్ల బిడ్డకి వచ్చిన పోలియో గురించి కేంద్రం ఇది ప్రకృతిలోని పోలియో కాదు, వ్యాక్సిన్ నుంచి వచ్చిన రకం అని చెప్పింది. ఆ ఒక్క లైన్ టీవీల్లో, వాట్సాప్‌లో తిరిగింది, దాని వెనకాల ఉన్న వివరం తిరగలేదు. ఇలాంటప్పుడు అధికారులు ఒక్క ముక్క చెప్పి వదిలేస్తే తల్లిదండ్రులు భయపడతారు, అది వాళ్ల తప్పు కాదు. ఏఎన్ఎంలకి, ఆశాలకి ఇది తెలుగులో తేలిగ్గా వివరించే ట్రైనింగ్ ఇవ్వాలి, ఎందుకంటే గుమ్మం దగ్గర ఆ ప్రశ్న ఎదుర్కొనేది వాళ్లే. తల్లులు ఎక్కువగా అడిగేది ఇంజెక్షన్ వేయించాక మళ్లీ చుక్కలు ఎందుకు అని. జవాబు పైన ఉన్నదే, ఇంజెక్షన్ ఆ బిడ్డ నరాల్ని కాపాడుతుంది, చుక్కలు పేగుల్లో వైరస్‌ని ఆపి ఊరిని కాపాడతాయి. ఇప్పుడు మన షెడ్యూల్ ప్రకారం చుక్కలు పుట్టగానే, తర్వాత 6, 10, 14 వారాలకి, 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్, ఇంజెక్షన్ చిన్న డోసు 6, 14 వారాలకి, 2023 నుంచి తొమ్మిదో నెలలో మూడోది కూడా కలిపారు. ఈ తొమ్మిదో నెల డోసు కొత్తది కాబట్టి మిస్సయ్యే పిల్లలు ఉంటారు, ముఖ్యంగా ఇటుక బట్టీలకి, భవన నిర్మాణ పనులకి ఒడిశా, బిహార్, పాలమూరు నుంచి తిరిగే కుటుంబాల్లో, కార్డు ఒక ఊళ్లో, బిడ్డ ఇంకో ఊళ్లో ఉంటాడు.

ముందున్నది ఇంకా పెద్ద పరీక్ష. ప్రకృతిలోని టైప్ 1 ఇప్పుడు పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలోనే పాతుకుని ఉంది, 2023లో రెండు దేశాల్లో కలిపి 12 కేసులే వచ్చాయి, 2024లో అవి దాదాపు వందకి చేరాయి. 2025లో జర్మనీలోని హాంబర్గ్ మురుగునీటిలో అఫ్గానిస్తాన్ రకానికి దగ్గరగా ఉన్న టైప్ 1 దొరికింది. ఈ టైప్ 1 పూర్తిగా పోయాక మిగిలిన రెండు రకాల చుక్కల్ని కూడా ఒకరోజు ప్రపంచమంతా ఆపాలి, అంటే 2016లో చేసిన పనే మళ్లీ, ఇంకా పెద్ద స్థాయిలో. అప్పటికి టైప్ 1, 3లకి కూడా కొత్త రకం చుక్కలు రెడీగా ఉండాలని ట్రయల్స్ నడుస్తున్నాయి. మరోవైపు అమెరికా డబ్ల్యూహెచ్‌ఓ నుంచి తప్పుకుంది, నిర్మూలన కార్యక్రమం 2026 బడ్జెట్‌లో 40 శాతం కోత పెట్టుకుంది. ఖర్చు తగ్గించాలనగానే ముందు కోత పడేది మురుగునీటి శాంపిల్స్‌కి, ల్యాబులకి, కేసులు కనపడట్లేదు కదా అని. చుక్కలు ఆపే రోజు ఎప్పుడొచ్చినా అంతకుముందే ప్రతి దేశంలో ఇంజెక్షన్ కవరేజ్ ఎంతుందో, ఎన్ని చోట్ల మురుగునీళ్లు పరీక్షిస్తున్నారో జిల్లాల వారీగా అందరికీ కనపడేలా పెట్టాలి, ఆ అంకెలు సరిపోకపోతే తేదీ వాయిదా వెయ్యాలి.